మూలన కొండ

సహకార సంఘం గుర్తింపు కార్డులకు
నాతో కలిపి నలభై ముగ్గురి ఫొటోలు కావాలి.
కొల్చానీ మొత్తానికి కెమెరా ఉన్నది నా దగ్గరే.
అదీ మా బావ ఫోర్తునాతో
సైకిలు బాకీ కింద వదిలిపోయింది.
దాని మీటలు నాకింకా
దారి తెలియని ఊళ్ళో సందుల్లాంటివి.

జనం దొరికేది మిట్టమధ్యాహ్నమే,
ఒక లారీ నిండి వెళ్ళాక, ఇంకోటి వచ్చేలోపు.
జూలై చలి.
ఎండలో చెంప కాలుతుంది, నీడలో చెవి గడ్డకడుతుంది.
చుట్టూ ఉప్పు,
కనుచూపు మేరా ఉప్పే,
చూపు ఆనడానికి ఒక్క చెట్టయినా లేదు.

మొదటి రోజు
ముసుగులూ నల్లద్దాలూ తీయించి
అందర్నీ సూర్యుడికి ఎదురుగా నిలబెట్టాను.
ఎంత ఎండ ఉంటే అంత మంచి బొమ్మ అని
ఎవరు చెప్పారో,
నాకు నేనే చెప్పుకున్నానో.

సాయంత్రం చూసుకుంటే
నలభై ఇద్దరూ అప్పులవాళ్ళకి ఎదురుపడ్డట్టున్నారు.
చికిలించిన కళ్ళు, ముడిపడ్డ నుదుళ్ళు,
టోపీ అంచు కింద రెండేసి బొగ్గు గుంటలు.
ముక్కు నీడ కిందికి జారి
పద్దెనిమిదేళ్ళ నికాసియాకి మీసం మొలిపించింది.
కార్యదర్శి ఒక్కొక్కటే తిరగేసి
"ఇవి సంఘానికా, జైలుకా?" అన్నాడు.

మర్నాడు టోపీలు తీయమన్నాను.
ఎవ్లోహియా పెద్దమ్మ తీయనంది.
"ఇది తీస్తే కార్డు మీద ఉండేది నేను కాదు,
నాలాంటి ఇంకెవత్తో."
పార అందుకుని అటు తిరిగింది.
నాకు వీపు పెట్టిందనుకున్నాను.
కాదు, సూర్యుడికి పెట్టింది.
"ఎండకి ముఖమిచ్చి
ఇక్కడెవరైనా పని చేస్తారట్రా?"

చుట్టూ తిరిగి ఆమె ముందుకొచ్చాను.

టోపీ నీడ ముఖమంతా పరుచుకుని ఉంది.
ఆ నీడలోకి
కింద ఉప్పులోంచి వెలుగు పొంగుతోంది,
పాలు పొంగినట్టు, చప్పుడు లేకుండా.
గడ్డం కింద, కళ్ళ కింద,
ముడతల లోపలికి కూడా.
ఆమె కళ్ళు తేనెరంగని
ఇన్నేళ్ళూ నాకు తెలియనే తెలియదు.

ముఖాన్ని మింగే నీడ ఒకటి,
ముఖానికి గొడుగు పట్టే నీడ ఒకటి.
రెంటికీ కలిపి ఒకే పేరు పెట్టినవాళ్ళు
ఎప్పుడూ ఫొటో తీసి ఉండరు.

నొక్కాను.
అంత తెలుపు చూసి కెమెరా బెదిరిపోయింది,
పెద్దమ్మని మసిబొమ్మని చేసింది.
వెలుగు ఒక మెట్టు పెంచాను. చాల్లేదు.
ఇంకో అర మెట్టు.
ముఖం వచ్చింది.
వెనక ఆకాశం పోయింది,
తునుపా కొండ తెల్లబోయింది.
పోతే పోనీ,
కార్డు కొండకి కాదుగా.

ఇక ఒక్కొక్కర్నీ సూర్యుడికి వీపుగా తిప్పాను.
"కళ్ళు మూసుకోండి, మూడు అన్నాక తెరవండి."
ఇలారియోన్ రెండుకే తెరిచాడు, రెండుసార్లూ.
ముసలి మసెదోనియో మూడు దాటినా తెరవలేదు.
"ఉండు, బాగుంది" అన్నాడు.
ఉన్నాను.
కళ్ళు మూసుకున్న ఆ ముఖాన్నీ ఒకటి తీశాను,
కార్డుకి పనికిరాదని తెలిసే.

చివరికి నేనొక్కణ్ణే మిగిలాను.
పెద్దమ్మ చేతులు గౌనుకి తుడుచుకుని
కెమెరా లాక్కుంది.
నా భుజాలు పట్టి తిప్పింది,
బస్తా సర్దినట్టు.
"మూయి. తెరు."
మూడు వరకూ లెక్కపెట్టే ఓపిక ఆమెకి లేదు.

నా కార్డులో
ఎడమవైపు మూలన
మసకగా, ఎర్రగా ఆమె బొటనవేలు.

ఈ కొండేమిటని అడిగాడు కార్యదర్శి.
తునుపా అని చెప్పాను.